తోటలో కంటైనర్ గెస్ట్ రూమ్: ఎండకీ వానకీ ఏం చేశారు?

మామిడితోట_చేవెళ్ల:
చుట్టాలొస్తే పడుకోవడానికని తోటలో 20 అడుగుల పాత షిప్పింగ్ కంటైనర్ పెట్టించాం. ఏప్రిల్ మధ్యాహ్నం లోపల కూర్చోలేకపోతున్నాం, ఏసీ ఆగకుండా నడుస్తోంది. లోపల థర్మాకోల్ పెట్టి పైన ప్లైవుడ్ కొడితే చాలంటున్నాడు ఫ్యాబ్రికేటర్. చేయించమంటారా?

శంకర్‌పల్లి_సుధ:
థర్మాకోల్ వద్దండీ. వైరింగ్ పక్కనే ఉంటుంది, నిప్పంటుకుంటే ఇట్టే మండుతుంది. మేం 50 ఎంఎం రాక్‌వూల్ (రాతి నారతో చేసిన ఉన్ని, వేడిని ఆపుతుంది, మండదు) వేయించాం. అయినా ముందు పైకప్పు సంగతి చూడండి. కంటైనర్ మీద అడుగు ఎత్తున పైపుల ఫ్రేమ్ కట్టించి జీఐ రేకులు వేయించాం, మధ్యలో గాలి ఆడుతుంది. రేకులు గోడ దాటి రెండడుగులు బయటికి ఉండటంతో కిటికీలకి వాన జల్లు కూడా తగలట్లేదు. నిజం చెప్పాలంటే రాక్‌వూల్ కంటే దీంతోనే ఎక్కువ తేడా తెలిసింది.

భీమిలి_బాబాయ్:
రాక్‌వూల్‌తో ఒక చిక్కుందమ్మా. చలికాలం రాత్రి కంటైనర్ ఇనుప రేకు చల్లబడితే, లోపలి గాలిలో తేమ దాని లోపలి వైపు నీరై దిగుతుంది. ఉన్ని తడిసిందంటే పనికిరాదు, రేకుకి లోపలినుంచి తుప్పు. అందుకే నేను రేకుకే అతుక్కునేలా పీయూ ఫోమ్ (నురగలా ఉబ్బి గట్టిపడేది) స్ప్రే చేయించాను. ఖర్చు ఎక్కువే. అదీ మండేదే కాబట్టి పైన జిప్సం బోర్డు తప్పనిసరి. మా వైపు ఉప్పుగాలి, ఏటా తుప్పు గీకి ప్రైమర్ కొట్టాల్సిందే.

సుధ:
మేం రాక్‌వూల్ మీద, గది వైపు, ప్లాస్టిక్ షీటు పరిచి అతుకులన్నీ టేపు వేయించాం బాబాయ్ గారూ. ఇప్పటిదాకా చెమ్మ లేదు.

డల్లాస్_తమ్ముడు:
మాది చక్రాల ట్రైలరే, అమ్మానాన్న వచ్చినప్పుడు వాళ్ల గది. లీకులన్నీ పైకప్పు మీద వెంట్లు, అతుకుల దగ్గరే. అక్కడ మామూలు సిలికాన్ పూయకండి, రేపు దాని మీద ఇంకేదీ అంటుకోదు, పెయింట్ కూడా నిలవదు. కిటికీ ఫ్రేము వెనక బ్యుటైల్ టేపు (నీరు దూరకుండా అతికే మెత్తటి రబ్బరు టేపు) వాడండి. ఇక్కడైతే ట్రైలర్ కింద ఖాళీ మూసేలా చుట్టూ స్కర్టింగ్ కూడా కట్టాలి, లేకపోతే చలికి పైపులు గడ్డకడతాయి. మీకు ఆ బాధ లేదు.

మామిడితోట_చేవెళ్ల:
అయితే ముందు రేకులే వేయిస్తాను. కంటైనర్ ఇప్పుడు నేల మీదే ఉంది, పర్లేదా?

భీమిలి_బాబాయ్:
లేపించు నాయనా. నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మెలు పోయించి, అడుగున్నర ఎత్తులో పెట్టు. గాలివానకి రేకులు లేవకుండా ఫ్రేమ్‌ని కంటైనర్‌కి, కంటైనర్‌ని దిమ్మెలకి బిగించు. మొత్తం ఇనుమే కదా, ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాకే చుట్టాలని పడుకోబెట్టు.