ఐదు అక్షరాలతోని ఎన్ని పదాలైతయి?

మాది మిర్యాలగూడ, రోజు రాత్రి మా బిడ్డతోని పదాల ఆట ఆడుత, నిన్న క, ల, ప, మ, ర వచ్చినయి, నాకు కల, కలప, మర కాడనే ఆగిపోయింది, బిడ్డేమో కలం అంటది, నడుస్తదా? వెతికే పద్ధతుంటే జర చెప్పుండ్రి, తెలుగంటే దానికి ఇష్టం పోవద్దని నా తండ్లాట.

జవాబు: కలం నడువదక్కా, సున్న పెడితే లం వేరే అక్షరమైతది. ఒక్కో అక్షరం ముందుకు పెట్టి మిగిలినయి తిప్పుండ్రి, మ తోని మరక, మరల, మకర, ప తోని పలక, పరక. కలపను ఎనకనుంచి చదివితే పలకనే గదా, పిల్లలకు గిట్ల చదువుడు మస్తు నచ్చుతది.

జవాబు: మకర ఒప్పుకోవద్దు, మకరం అంటేనే పూర్తి మాట. మాది జడ్చర్ల, మేమైతే లొల్లి అయినప్పుడల్లా ఆంధ్రభారతి సైట్ల చూస్తం, చాలా నిఘంటువులు ఒక్కతాన్నే దొరుకుతయి, ఆటకు ముందే అదే ఫైనల్ అనుకోవాలె.

అడిగినామె: పరక ఎట్ల మర్సిన, పొద్దున లేస్తే చీపురు పరకలు ఏరుడే నా పని. ఇయ్యాల రాత్రి బిడ్డకు కలప, పలక చెప్త.