జీతం లేకుండా అయితే సీపీటీ రాకముందే ఇంటర్న్‌షిప్ మొదలెట్టొచ్చా?

పెసరట్టు_ఉప్మా:
అందరికీ నమస్తే. డాలస్ దగ్గర ఎంఎస్ చేస్తున్నా, పోయిన ఆగస్టులో వచ్చా, రెండు సెమ్‌లు అయిపోయాయి. నూట అరవై అప్లికేషన్లు కొడితే ఒక్క చిన్న కంపెనీలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ తగిలింది, జూన్ 1 సోమవారం జాయినింగ్. దానికి సీపీటీ కావాలి, అంటే స్టూడెంట్ వీసా మీద చదువుతూ బయట ఇంటర్న్‌షిప్ చేసుకునే అనుమతి. ఆఫర్ లెటర్‌లో ఆఫీస్ అడ్రస్ లేదని మా ఇంటర్నేషనల్ ఆఫీస్ వాళ్ళు ఒకసారి తిప్పి పంపారు, కొత్త లెటర్ తెచ్చి పెట్టేసరికి వారం పోయింది, ఇప్పుడు మళ్ళీ పది వర్కింగ్ డేస్ అంటున్నారు. మేనేజర్‌కి చెప్తే పర్లేదు, మొదటి వారం అన్‌పెయిడ్‌గా వచ్చి కూర్చో, కోడ్ చూస్తూ ఉండు, పేపర్లు వచ్చాక పేరోల్‌లో ఎక్కిద్దాం అన్నాడు. రూమ్మేట్స్‌లో ఇద్దరు వెళ్ళిపోరా అంటున్నారు, ఒకడు వద్దంటున్నాడు. రూపాయి తీసుకోనప్పుడు అది పని ఎలా అవుద్ది అసలు?

ఓరుగల్లు_పోరడు:
పోయి కూసో తమ్మీ, ఏం గాదు. నేను 2022ల గట్లనే నాలుగు రోజులు ముందు పోయిన, ఎవ్వడు అడగలే, గిప్పుడు ఓపీటీ (ఎక్కువగ చదువైనంక వాడుకునే పని పర్మిషన్) మీద మంచిగనే ఉన్న. గీ మార్కెట్ల ఆఫర్ పోతే మళ్ల దొర్కుతదా? నువ్వు టైమ్‌కే అప్లై జేసినవ్, లేట్ జేసింది వాళ్లు, బలి అయ్యేది మనమా?

ఎడిసన్_అక్క:
తమ్ముడూ, వద్దు. నేను పదకొండేళ్ళుగా హెచ్‌ఆర్‌లో ఉన్నా, ఐ-9 ఫారాలు (పని చేసే అనుమతి ఉందో లేదో కంపెనీ చెక్ చేసేవి) చూడటమే నా పని. జీతం తీసుకునే ఉద్యోగి మొదటి రోజే ఐ-9లో తన భాగం నింపాలి, మూడు పనిదినాల్లోపు కంపెనీ కాగితాలు చూసి సంతకం పెట్టాలి. నీ కేసులో ఆ కాగితాలంటే పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో దిగిన రికార్డు), సీపీటీ ఎక్కిన ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ స్టేటస్ కాగితం). ఆ ఐ-20లో కంపెనీ పేరు, మొదలయ్యే తేదీ, అయిపోయే తేదీ, పార్ట్ టైమా ఫుల్ టైమా అన్నీ ఉంటాయి, ఆ తేదీకి ఒక్క రోజు ముందు కూడా పని చెయ్యకూడదు. మీ మేనేజర్ మంచోడే అయ్యుండొచ్చు కానీ ఆయనకి ఇవేవీ తెలియవు అనిపిస్తుంది, ఆయన నోటిమాట నమ్ముకుని వెళ్ళకు, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టు.

జీతం సంగతంటావా, డబ్బు తీసుకోకపోతే పని కాదు అని ఎక్కడా లేదమ్మా. గుడిలోనో ఫుడ్ బ్యాంక్‌లోనో వాలంటీర్‌గా చేస్తే వేరే సంగతి. లాభం కోసం నడిచే కంపెనీలో, రేపు జీతమిచ్చి చేయించుకునే పనే ఈరోజు ఫ్రీగా చేస్తే దాన్ని వాలంటీరింగ్ అని ఎవరు ఒప్పుకుంటారు? జీతం లేని ఇంటర్న్‌షిప్‌కి కూడా సీపీటీ తీసుకోమనే చాలా యూనివర్సిటీలు చెప్తాయి.

కోనసీమ_కొబ్బరి:
అక్క చెప్పింది కరెక్టే కానీ నాకు మండేది వేరే చోట అండి. సీపీటీకి ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి అప్లికేషన్ లేదు, ఫీజు లేదు, కార్డు రాదు. యూనివర్సిటీలో మన పేపర్లు చూసే ఆఫీసర్ డీఎస్‌ఓ కూర్చుని ప్రభుత్వ స్టూడెంట్ రికార్డుల సిస్టమ్ సెవిస్‌లో ఎక్కించి ఐ-20 ప్రింట్ తీయడమే కదా, దానికి పది రోజుల క్యూ ఏంటండి బాబూ! పైగా సీపీటీ అంటే కోర్సులో భాగం అని రూలు కాబట్టి సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ క్రెడిట్ తీసుకోమంటారు, ఆ క్రెడిట్‌కి ఫీజు మనమే కట్టాలి. నేను అప్పు తెచ్చి కట్టా, చివర్లో రెండు పేజీల రిపోర్ట్ రాయించుకున్నారు, అది ఎవరైనా చదివారో లేదో కూడా డౌటే. ఇది చదువా లేక పని చేసుకోవడానికి కట్టే టోల్ గేటా చెప్పండి.

ఒంగోలు_గిత్త:
మీరు పది రోజులకి ఏడుస్తున్నారు, నా బాధ వినండి. నేను స్ప్రింగ్ ఇన్‌టేక్, జనవరిలో దిగా. ఒక పూర్తి అకడమిక్ ఇయర్ అయితే గానీ సీపీటీ లేదన్నారు, అంటే ఈ సమ్మర్‌కి నాకు ఒక్క సెమ్మే అయింది. ఆఫర్ చేతిలో ఉంది, వదిలేసుకున్నా. క్యాంపస్‌లో డైనింగ్ హాల్లో ప్లేట్లు కడుగుతున్నా. కోర్సు మొదట్నుంచే ట్రైనింగ్ తప్పనిసరి అయిన పీజీ వాళ్ళకి ఆ ఏడాది రూలు లేదంట. ఆ మినహాయింపు పట్టుకునే కదా డే వన్ సీపీటీ (చేరిన రోజు నుంచే సీపీటీ ఇచ్చే) షాపులన్నీ నడిచేది.

పాత_కాపు:
ఆ మాట ఎత్తావు కాబట్టి చెప్తా. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్ళకి రేడియో ట్యాగులు కట్టారు, ఊళ్ళో టీవీల్లో చూసి తల్లిదండ్రులు ఎలా అల్లాడారో నాకు గుర్తుంది. తర్వాత మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, అదయితే ప్రభుత్వం వాళ్ళే వల వేసి పెట్టిన స్కూలు, క్లాసులు లేవు, టీచర్లు లేరు. 2019 జనవరిలో 130 మందిని పట్టుకుంటే 129 మంది ఇండియన్సే, అందులో మనవాళ్ళు బోలెడు మంది. చాలామంది సీపీటీ మీద పని చేసుకుంటున్నామనే అనుకున్నారు. నీది అలాంటి కేసు కాదులే అబ్బాయ్, భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ అప్పుడు కూడా అందరి నోటా ఒకటే మాట, "అందరూ చేస్తున్నారు కదా అంకుల్".

ఓరుగల్లు_పోరడు:
అంకుల్, దొంగ యూనివర్సిటీకి నాలుగు రోజులు కోడ్ సదువుడుకు సంబంధం ఏంది? కొంచెం ఎక్కువైతున్నది ఇది.

ఎడిసన్_అక్క:
సరే, నీ కేసే మాట్లాడుకుందాం. 2022లో ఎవరూ అడగలేదన్నావు, రేపు హెచ్1బీ పిటిషన్ వేసినప్పుడు సీపీటీ ఐ-20లు, పే స్టబ్‌లు అడుగుతూ ఇంకా ఆధారాలు పంపమనే నోటీసు, అంటే ఆర్‌ఎఫ్‌ఈ రావచ్చు. నీ లింక్డ్‌ఇన్‌లో జాయినింగ్ తేదీ ఏముంది, ఐ-20లో ఏముంది, ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకో. కోర్స్ లోడ్ తగ్గో ఇంకేదో అయ్యో స్టూడెంట్ స్టేటస్ పోతే దాన్ని తిరిగి ఇమ్మని రీఇన్‌స్టేట్‌మెంట్ అడుక్కునే దారి ఉంది, అనుమతి లేకుండా పని చేశావని తేలితే ఆ దారి కూడా ఉండదు. కంపెనీకి ఇంకో ఇంటర్న్ దొరుకుతాడు, యూనివర్సిటీకి ఇంకో స్టూడెంట్ దొరుకుతాడు, సామాను సర్దుకోవాల్సింది నువ్వొక్కడివే.

ఓరుగల్లు_పోరడు:
...లింక్డ్‌ఇన్ జూసిన. మార్చిన. థ్యాంక్స్ అక్కా.

ఎడిసన్_అక్క:
మార్చమని కాదు నేను చెప్పింది! ఒక లాయర్‌తో మాట్లాడు.

చికాగో_చలి:
మధ్యలో దూరుతున్నా, సమ్మర్‌లో ఫుల్ టైమ్ సీపీటీ వాడితే ఓపీటీలో మూడు నెలలు కట్ అవుతాయంటగా?

కోనసీమ_కొబ్బరి:
కావండి. ఫుల్ టైమ్ సీపీటీ పన్నెండు నెలలు నిండితేనే ఆ డిగ్రీకి ఓపీటీ మొత్తం పోతుంది, అంతకన్నా తక్కువైతే ఏమీ తగ్గదు. వారానికి ఇరవై గంటలు లేదా అంతకన్నా తక్కువ చేస్తే అది పార్ట్ టైమ్, ఆ లెక్కలోకే రాదు. కట్ అయ్యేది ప్రీ కంప్లీషన్ ఓపీటీ (డిగ్రీ పూర్తికాక ముందే తీసుకునే ఓపీటీ) వాడితే, రెండూ కలిపేస్తున్నారు మీరు.

పెసరట్టు_ఉప్మా:
అప్డేట్. అక్క చెప్పినట్టే హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టా, మేనేజర్‌ని ఇరికించకుండా "ఐ-20 ఇంకా రాలేదు, జాయినింగ్ జూన్ 15కి మార్చగలరా" అని మాత్రమే రాశా. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఆఫర్ పోయిందనే ఫిక్స్ అయ్యా. పొద్దున్నే రిప్లై వచ్చింది, కాగితాలు లేకుండా మేము ఎవరినీ ఆఫీసులో కూర్చోబెట్టం, 15కి మార్చాం అని. మేనేజర్ ఫోన్ చేసి సారీ కూడా చెప్పాడు. ఆఫర్ లెటర్‌లో తేదీ మారింది కాబట్టి దాన్ని మళ్ళీ ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి పంపాలంట, మళ్ళీ అదే క్యూ అంటారేమో 😭

ఒంగోలు_గిత్త:
నీకు రెండు వారాల్లో పని అయిపోయింది బ్రో, సంతోషం. మా స్ప్రింగ్ వాళ్ళకి ఏ హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాలో కూడా ఎవరైనా చెప్పండి.