నీలం చుక్కల ఎర్ర గ్రూపర్‌ని క్లౌన్‌ఫిష్‌తో కలిపి పెట్టొచ్చా?

వేళచ్చేరి_ట్యాంక్:
అందరికీ నమస్తే. కొళత్తూర్‌లో ఒక షాపులో కోరల్ గ్రూపర్ పిల్లని చూశాను, అరచేయంత కూడా లేదు, నారింజ ఎరుపు ఒళ్ళు, మొహం దగ్గర్నుంచి తోక దాకా నీలం చుక్కలు, రెక్కల మీద కూడా. పైపు ముక్కలో దూరి మూతి మాత్రం బయటపెట్టి కళ్ళు తిప్పుతూ వచ్చేపోయే వాళ్ళందర్నీ చూస్తోంది, అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. నాది 200 లీటర్ల మెరైన్ ట్యాంక్, రెండు క్లౌన్‌ఫిష్, మూడు డామ్సెల్స్ (చిన్న రంగు చేపలు), ఒక క్లీనర్ ష్రింప్ (రొయ్య) ఉన్నాయి. షాపతను ఏం కాదు తీసుకెళ్ళండి అంటున్నాడు. తీసుకోవచ్చా?

ఉప్పునీళ్ళు:
వద్దండి, దయచేసి వద్దు. అది 40 సెంటీమీటర్లు దాటి పెరిగే చేప. గ్రూపర్ నమిలి తినదు, నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాగేస్తుంది, కాబట్టి నోట్లో పట్టేదేదైనా దానికి తిండే. ముందు ష్రింప్ పోతుంది, తర్వాత డామ్సెల్స్, ఆ తర్వాత మీ క్లౌన్‌లు. దానికి 600 లీటర్లయినా ఉండాలి, దూరడానికి రాళ్ళ గుహలు కావాలి, మాంసం తినేది కాబట్టి నీళ్ళు తొందరగా పాడవుతాయి, ఫిల్టర్, నురగతో మురికి లాగే స్కిమ్మర్ గట్టివి పెట్టాలి. మన మే నెల ఎండలకి నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కూడా. ఇవన్నీ చెప్పకుండా అమ్మడం చాలా తప్పు, నాకు నిజంగా కోపం వస్తుంది.

అండమాన్_డైవర్:
పైన అన్న చెప్పింది కరెక్ట్. దీన్ని అండమాన్‌లో హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దగ్గర నీళ్ళలో చూశాను. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా ఉంటుంది, స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త ఫోర్స్‌కాల్ దీన్ని మొదట వర్ణించింది కూడా ఎర్ర సముద్రం చేపలతోనే, ఆ వర్ణన ఆయన పోయాక 1775లో అచ్చయింది. నీళ్ళు తేటగా ఉండి, ప్రవాహం తగిలే పగడపు దిబ్బలంటే దీనికి ఇష్టం. రాతి చూరు కింద కదలకుండా ఉంటుంది, పైన ఆంథియాస్ అనే చిన్న చేపల గుంపు తిరుగుతుంటుంది, అందులో ఒకటి కొంచెం కిందికి దిగిందా, అంతే, మన కంటికి ఆ కదలికే ఆనదు, గుంపు చెదిరిపోయాక గానీ ఏం జరిగిందో తెలీదు. ఒక మగదానికి 2 నుంచి 12 దాకా ఆడవి, అన్నీ కలిపి 475 చదరపు మీటర్ల దాకా ఏలుకుంటాయి, మన చెన్నై లెక్కలో రెండు గ్రౌండ్లకి (గ్రౌండ్ అంటే 2400 చదరపు అడుగులు) పైనే! అందులో ఒక్కో ఆడదానికి మళ్ళీ సొంత హద్దు. ఇంకోటి, ఇవన్నీ ఆడవిగానే పెద్దవై తర్వాత కొన్ని మగవిగా మారతాయి. దీని చుట్టం ఒకటుంది, రోవింగ్ కోరల్ గ్రూపర్, దానికీ ఒళ్ళంతా చుక్కలే, ఎర్ర సముద్రంలో అది మోరే ఈల్ (పాములా పొడుగ్గా ఉండే చేప) దగ్గరికెళ్ళి తల ఊపి వేటకి పిలుచుకొస్తుందని 2006లో పరిశోధన పేపర్ వచ్చింది. సందులో దాక్కున్న చేపని ఈల్ తరుముతుంది, బయటికొస్తే గ్రూపర్ పట్టుకుంటుంది. ఇంత తెలివున్న జీవిని 200 లీటర్లలో పెట్టడానికి నాకైతే మనసొప్పదు.

వేళచ్చేరి_ట్యాంక్:
థాంక్స్ అండి, ఇక తీసుకోను. మరి మన చెన్నై సముద్రంలో ఉండవా ఇవి? కాసిమేడు చేపల రేవులో కలవా అని అమ్మేది గ్రూపరే కదా?

కాసిమేడు_తమ్ముడు:
అవునక్కా, కలవా అంటే గ్రూపరే, కానీ అందులో చాలా రకాలుంటాయి. మెరీనా ముందు అడుగంతా ఇసుక, పైగా వానాకాలంలో ఏటి బురద, పగడానికేమో వెలుతురు తగిలే తేటనీళ్ళు కావాలి, అందుకే ఇక్కడ ఈ చేపకి కావాల్సిన దిబ్బలు లేవు. మన రాష్ట్రంలో పగడం చూడాలంటే ముఖ్యంగా మన్నార్ గల్ఫ్, రామేశ్వరం, తూత్తుక్కుడి మధ్య 21 దీవులు, 1986లో నేషనల్ పార్క్ చేశారు. లైవ్ రాక్ (ట్యాంకులో పెట్టే, జీవులు పట్టిన సముద్రపు రాయి) పేరుతో ఎవరైనా పగడం ముక్కలు అమ్మితే ముట్టుకోకండి, అది వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఉప్పునీళ్ళు:
మీ ట్యాంక్‌కి రంగు కావాలంటే రాయల్ గ్రామా అనే చేప ఒకటి చూడండి, సగం ఊదా సగం పసుపు, అరచేయంత కూడా పెరగదు. ఫైర్‌ఫిష్ అనే మెత్తని చేప మాత్రం వద్దు, డామ్సెల్స్ దాన్ని బతకనివ్వవు.