షిప్ క్యాబిన్‌లోకి స్పైక్ బస్టర్ తీసుకెళ్ళనివ్వకపోవడం న్యాయమేనా?

పర్లాకిమిడి కోడలు:
అందరికీ నమస్కారం. వచ్చే సెలవుల్లో మేం ఆరుగురం సింగపూర్ వెళ్ళి అక్కడ క్రూజ్ ఎక్కుతున్నాం, నాలుగు రాత్రులు, రెండు క్యాబిన్లు. ఫోన్లే ఆరు, గుంటల ట్యాబులు రెండు, మా ఆయన ల్యాప్‌టాప్, వాచీలు, ఒక కెమెరా, అన్నిటికీ మించి మా మామయ్యగారికి రాత్రి నిద్రలో ఊపిరి ఆగకుండా పెట్టుకునే సీపాప్ మిషన్. కిందటిసారి ముంబైలో ఎక్కినప్పుడు ఏమైందంటే స్కానింగ్ దగ్గర మా స్పైక్ బస్టర్ బయటికి తీసి, ఇది లోపలికి రాదమ్మా అని ఒక చీటీ రాసిచ్చి బల్ల కింద పడేశారు, దిగేటప్పుడు దాని కోసం గంట సేపు లైన్లో నిలబడ్డాం, అక్కడ చూస్తే మనలాంటి వాళ్ళవి ఒక గుట్ట ఉంది. ఎందుకు అని అడిగితే రూల్ అన్నారు, అంతే. కరెంటు ఎగిసినప్పుడు సామాన్లు పాడవ్వకుండా కాపాడే వస్తువునే ప్రమాదం అంటారేటి? మీరేమంటారో చెప్పండి.

గుణుపురం గుంటడు:
పట్టుచీర మడతల్లో పెట్టి తీసుకెళ్ళిపోండి అక్కా, ఎవడూ చూడడు 😄

రాయగడ మాస్టారు:
గుంటడా, స్కానర్‌కి చీర అడ్డమా? అలాంటి సలహాలు ఇవ్వకు. అమ్మా, మీ ప్రశ్న సరైనదే, నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, లెక్క చూద్దాం. ఫోను ఒకటి 20 వాట్లు వేసుకున్నా ఆరు కలిపి 120, ట్యాబులు రెండూ కలిపి 50, ల్యాప్‌టాప్ 65, మొత్తం 235 వాట్లు. క్యాబిన్లో వాళ్ళే పెట్టిన జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ ఒక్కటే వెయ్యి వాట్లు దాటుతుంది. వాళ్ళ వెయ్యికి లేని భయం మన రెండొందలకి వచ్చిందా? ఇదంతా జనం మీద పెత్తనం తప్ప మరొకటి కాదు. డబ్బు కట్టించుకున్నాక ఆరుగురికి సరిపడా ప్లగ్గులు పెట్టడం వాళ్ళ బాధ్యత, పెట్టరు, మనం తెచ్చుకుంటే లాక్కుంటారు.

బరంపురం ఈటీవో:
మాస్టారూ నమస్తే. నేను పద్నాలుగేళ్ళుగా షిప్పుల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్ని, ముందు ట్యాంకర్లు, తర్వాత ప్యాసింజర్ షిప్పులు. ప్రస్తుతం సెలవులో బరంపురంలోనే ఉన్నాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను, చివరిదాకా చదవండి.

మీ లెక్క తప్పు కాదు, కానీ గొడవ వాట్ల దగ్గర లేదు. ఇంట్లో ప్లగ్గులో టెస్టర్ పెడితే ఒక కన్నంలోనే వెలుగుతుంది కదా, రెండోది న్యూట్రల్, దాన్ని వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే భూమిలోకి దించేసి ఉంటారు. చాలా షిప్పుల్లో అలా దించరు, రెండు తీగల్లో ఏదీ షిప్పు ఇనుముకి కలిపి ఉండదు, టెస్టర్ పెడితే రెండు కన్నాల్లోనూ వెలుగుతుంది. కావాలనే అలా చేస్తారు. ఎందుకంటే నడి సముద్రంలో ఎక్కడో ఒక వైరు ఒరుసుకుని గోడకి తగిలినంత మాత్రాన బ్రేకర్ పడిపోయి స్టీరింగో పంపులో ఆగిపోకూడదు, మొదటి ఎర్త్ ఫాల్ట్‌ని ఓర్చుకుని నడుస్తూ ఉండాలి, ఈలోపు మేం వెతికి పట్టుకోవాలి. పాత షిప్పుల్లో మెయిన్ స్విచ్‌బోర్డు మీద మూడు దీపాలు ఉంటాయి, మూడూ ఒకేలా వెలుగుతుంటే క్షేమం, ఒకటి మసకబారి మిగతా రెండూ ఎక్కువ వెలిగాయంటే ఎక్కడో ఒక వైరు ఇనుముని ముట్టుకున్నట్టు. ఒకసారి రాత్రి రెండింటికి అలా ఒక దీపం మసకబారితే ఒక్కొక్క బ్రేకరూ తీసి వేస్తూ తెల్లారేదాకా తిరిగాం, చివరికి దొరికింది వంటగదిలో అన్నం వేడి చేసే పెట్టె, దాని లోపలికి నీళ్ళు పోయాయి.

ఇప్పుడు మీ స్పైక్ బస్టర్. పాడైపోయిందేదైనా ఉంటే విప్పి చూడండి, తీగలకీ ఎర్త్‌కీ మధ్యలో నీలం రంగులో రూపాయి బిళ్ళంత ముక్కలు ఉంటాయి. మామూలు వోల్టేజి దగ్గర అవి నిద్రపోతాయి, పిడుగు పడ్డప్పుడో కరెంటు ఎగిసినప్పుడో లేచి ఆ ఎక్కువైనదాన్ని ఎర్త్‌లోకి తోసేస్తాయి. ఇంటి దగ్గర బంగారం. షిప్‌లో ఆ ఎర్త్ అంటే షిప్పు ఇనుమే. వేరే డెక్ మీద ఎక్కడో ఫాల్ట్ ఉందనుకోండి, ఈ బిళ్ళల మీద పడే వోల్టేజి ఒక్కసారిగా పెరుగుతుంది. మనది 230కి చేసిందే కదా, తట్టుకుంటుంది అంటారు, నిజమే, కానీ ఆ తెగిన వైరు తగిలీ తగలకుండా నిప్పురవ్వలు కొడుతూ ఉంటే ఇలాంటి సప్లైలో వోల్టేజి మామూలు కంటే ఎన్నో రెట్లు లేస్తుంది, దెబ్బ మీద దెబ్బ పడి బిళ్ళ వేడెక్కి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంటుకుంటుంది. పైగా మన బోర్డులో స్విచ్చూ ఫ్యూజూ ఉండేది సాధారణంగా ఒక తీగకే, అది ఆపినా రెండో తీగలో కరెంటు అలాగే ఉంటుంది. 2013లో అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ళు సరిగ్గా దీని మీదే సేఫ్టీ అలర్ట్ ఇచ్చారు, ఒడ్డు మీద వాడే సర్జ్ ప్రొటెక్టర్లు ఓడలో మంటలు పుట్టించగలవని. స్కానింగ్ దగ్గర కుర్రాడికి ఇదంతా తెలియదు, వాడికి తెలిసింది రూల్ అన్న ఒక్క మాటే.

పర్లాకిమిడి కోడలు:
రెండు కన్నాల్లోనూ వెలగడమా!! ఇన్నాళ్ళకి ఒకరు అర్థమయ్యేలా చెప్పారు. అదే ముక్క ఆ టికెట్టు కాయితం మీద రాయొచ్చు కదా.

రాయగడ మాస్టారు:
బాబూ, చక్కగా చెప్పావు, స్పైక్ బస్టర్ వరకు ఒప్పుకుంటున్నాను, నాకూ ఇది కొత్త విషయమే. కానీ నా వాదన ఇంకా ఉంది. ఆ బిళ్ళలు లేని మామూలు జంక్షన్ బాక్స్, ఉత్త రాగి తీగ, నాలుగు కన్నాలు, దాన్నెందుకు ఆపాలి? ఒక కంపెనీ దాన్ని రానిస్తుంది, ఇంకో కంపెనీ వైరు ఉన్న ఏ ఎక్స్‌టెన్షన్‌నీ రానివ్వదు. సైన్సు ఒకటే అయినప్పుడు రూల్ రెండు రకాలుగా ఎలా ఉంటుంది? ఇంకో మాట, షిప్పుల్లో పెద్ద మంటలు ఫోన్ చార్జర్ల వల్లే వచ్చాయా? 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ అనే షిప్ జమైకా వైపు వెళ్తుండగా బాల్కనీలు తగలబడ్డాయి, అది ఆర్పకుండా పడేసిన సిగరెట్ వల్ల అయ్యుంటుందని తేల్చారు. మరి సిగరెట్లు మాత్రం షిప్‌లోనే అమ్ముతారు.

బరంపురం ఈటీవో:
మాస్టారూ సిగరెట్టు పాయింటు మీదే, నేను కాదనను 🙏 అయితే ఆ కేసు మీరే తెచ్చారు కాబట్టి మిగతాది కూడా వినండి, మొదలైంది ఒక చిన్న నిప్పుతో, అంటుకున్నది బాల్కనీ ప్లాస్టిక్ అడ్డుగోడలు, కుర్చీలు, పొగకి ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆ తర్వాతే బాల్కనీలకి కూడా సోలాస్ అనే అంతర్జాతీయ ఓడ భద్రత రూల్స్ బిగించారు. నిప్పు ఎంత అన్నది కాదు, దాని పక్కన ఏముంది అన్నది ముఖ్యం. క్యాబిన్లో జంక్షన్ బాక్స్ ఎక్కడ పెడతారు మనవాళ్ళు? మంచం కిందే. పరుపు, కార్పెట్, దుప్పటి, దాని మీద ఒక సూట్‌కేసు. మన బజార్లో నూట యాభైకి దొరికే బాక్సులో లోపల పట్టీ ఎంత పల్చగా ఉంటుందో మీకు నేను చెప్పాలా? వదులైన కన్నంలో ప్లగ్గు అటూ ఇటూ ఊగుతూ ఉంటే 200 వాట్లకి కూడా నల్లగా మాడుతుంది. ఇంట్లో అయితే వాసనొచ్చి లేస్తాం, మెయిన్ కట్టేస్తాం, బయటికి పరిగెడతాం. షిప్‌లో ఎక్కడికి పరిగెడతారు? ఫైరింజను రాదు, మేమే ఫైరింజను. నాకు అసలు ఉద్యోగం దీపాలు మార్చడం అనుకుంటారు మా ఇంట్లో, సగం డ్రిల్లులు నిప్పు గురించే.

కంపెనీకో రూల్ అంటే, ఎవడు ఎంత రిస్కు భరించాలి అనుకుంటాడో అది. వేల బ్యాగులు స్కానర్లో పోతుంటే ఏ బోర్డులో బిళ్ళలున్నాయో విప్పి చూడలేరు, అందుకని కొందరు మొత్తానికి వద్దనేస్తారు.

జీడితోట కాశీనగరం:
మా తాత గోపాల్‌పూర్‌లో స్టీమర్ ఎక్కి రంగం, అదే రంగూన్, వెళ్ళాడు, డెక్ టికెట్టు, వెంట ఒక చాప, చింతపండు మూట. ఇప్పుడు మనం మంచం కింద ఎన్ని ప్లగ్గులున్నాయి అని కొట్టుకుంటున్నాం. అన్నట్టు గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరి కోడలు ఇంత చక్కటి వాడుక భాషలో పోస్టు రాయడం చూసి సంతోషం. టాపిక్ కాదు, క్షమించండి.

బరంపురం పట్టు:
వాదన మీరు కానివ్వండి, నేను మూడుసార్లు వెళ్ళొచ్చినదాన్ని కాబట్టి వాడుకలో సంగతి చెప్తాను. అమ్మాయ్, నీకు బోర్డే అక్కర్లేదు. క్యాబిన్ బల్ల దగ్గర మామూలుగా రెండు రకాల కన్నాలుంటాయి, ఒకటి అమెరికా చదును పిన్నులది 110, ఇంకోటి యూరప్ గుండ్రం రెండు పిన్నులది 220. మన మూడు పిన్నుల ప్లగ్గు రెండిట్లోనూ పట్టదు. మన ఫోన్‌తో వచ్చే సన్న రెండు పిన్నుల చార్జర్ యూరప్ దాంట్లో సరిపోతుంది, కొన్నిసార్లు వదులుగా ఉండి జారిపోతుంది. సింగపూర్ హోటల్లో మళ్ళీ చదరం మూడు పిన్నులు, అక్కడికి వేరే అడాప్టర్, రెండూ ఒకటే అనుకుని ఒకటే కొనుక్కెళ్ళకు, నేను చేసిన తప్పు అదే. నాలుగైదు కన్నాలున్న యూఎస్‌బీ చార్జర్ ఒకటి కొను, వైరు లేనిది, నేరుగా గోడకి పెట్టేది. దాని వెనక చిన్న అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉండాలి, షిప్‌లో 60 కాబట్టి. క్యాబిన్‌కి ఒకటి చొప్పున రెండు ఉంటే మీ ఫోన్లన్నీ అయిపోతాయి. నేను వెళ్ళిన మూడింటిలోనూ దాన్ని ఎవరూ ఆపలేదు, అయినా ఎక్కేముందు ఆ షిప్ వాళ్ళ వద్దన్న వస్తువుల లిస్టు ఒకసారి చూడు. బాత్రూంలో షేవర్ కోసం అని రాసిన కన్నం ఉంటుంది, అందులో మాత్రం ల్యాప్‌టాప్ పెట్టకు, అది గడ్డం మిషన్‌కి సరిపడా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటుంది. ఇంకా కొన్ని షిప్పుల్లో తలుపు దగ్గర కార్డు తీసేస్తే ప్లగ్గులు కూడా ఆరిపోతాయి, భోజనానికి వెళ్తూ ఫోన్ పెట్టి వెళ్ళి వచ్చి చూస్తే అదే 12 శాతం.

గుణుపురం గుంటడు:
అయితే ఇద్దరికొక పవర్ బ్యాంక్ పట్టుకెళ్తే సరి, ప్లగ్గు గొడవే లేదు.

బరంపురం ఈటీవో:
ఈసారి మంచి మాట అన్నావు తమ్ముడూ, కానీ దానికీ లెక్క ఉంది. విమానంలో చెక్-ఇన్ బ్యాగులో వెయ్యకూడదు, చేతి సంచిలోనే. 100 వాట్-అవర్ల లోపు ఉండాలి, 20000 ఎంఏహెచ్ అంటే 74 అవుతుంది కాబట్టి పర్లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్, స్కూట్ ఫ్లైట్లలో 2025 ఏప్రిల్ 1 నుంచి గాల్లో ఉండగా దాంతో చార్జింగ్ పెట్టనివ్వరు. షిప్‌లో రాత్రంతా దిండు కింద పెట్టి చార్జ్ చెయ్యొద్దు, ఉబ్బినది అసలు తేవద్దు, బల్ల మీద గాలి తగిలేలా, మనం మెలకువగా ఉన్నప్పుడు. నాకు సర్జ్ బోర్డు కంటే ఉబ్బిన బ్యాటరీ అంటేనే ఎక్కువ భయం, అంటుకుంటే ఆర్పినట్టే ఆరి మళ్ళీ లేస్తుంది.

పర్లాకిమిడి కోడలు:
అందరికీ థాంక్స్. మా మామయ్యగారి మిషన్ సంగతి ఎవరూ చెప్పలేదు. మంచం పక్కన ప్లగ్గు లేకపోతే బల్ల దగ్గర నుంచి వైరు చాలదు, కిందటిసారి ఆయన రెండు రాత్రులు సోఫా మీదే పడుకున్నారు.

బరంపురం ఈటీవో:
అమ్మా, అది అందరికంటే ముందు అడగాల్సింది. బుక్ చేసినప్పుడే మెడికల్ అవసరం అని రాయించండి, మామూలుగా షిప్ వాళ్ళే వాళ్ళ ఎక్స్‌టెన్షన్ వైరు క్యాబిన్‌కి పంపిస్తారు, నేనే ఎన్నోసార్లు టెస్టు చేసి స్టిక్కర్ అంటించి పంపాను. మెయిల్‌లో జవాబు రాగానే ప్రింట్ తీసి పెట్టుకోండి, ఎక్కాక రిసెప్షన్ దగ్గర చూపించొచ్చు. మిషన్ అడాప్టర్ మీద కూడా 100-240 ఉందో లేదో చూడండి. దాన్ని మాత్రం చెక్-ఇన్‌లో వెయ్యకండి, చేత్తోనే పట్టుకెళ్ళండి.

రాయగడ మాస్టారు:
చూశారా, వైరు అదే, వాళ్ళు ఇస్తే క్షేమం, మనం తెస్తే ప్రమాదం. నా అభిప్రాయం మారలేదు. వద్దన్నప్పుడు బదులు ఏం వాడాలో చెప్పాలి, ఎందుకు వద్దో తెలుగులో ఒక ముక్క, ఒడియాలో ఒక ముక్క, హిందీలో ఒక ముక్క టికెట్టుతో పాటు పంపాలి. చీటీ రాసి బల్ల కింద పడేస్తే అది సేఫ్టీ అనిపించుకోదు.

బరంపురం ఈటీవో:
వాళ్ళది టెస్టు చేసిన వైరు మాస్టారూ, తేడా అక్కడే. చెప్పే పద్ధతి గురించి మాత్రం మీతో నాకు పేచీ లేదు.

పర్లాకిమిడి కోడలు:
ఇప్పుడే బీరువా మీంచి మా పాత బోర్డు దింపి తిరగేసి చూశాను, దుమ్ము తుడిస్తే కింద సర్జ్ అని, పక్కన ఏవో జౌల్స్ అని రాసి ఉంది. అది ఇక మిక్సీ దగ్గరే. మామయ్యగారి సంగతి మెయిల్ పెట్టాను. మా అత్తయ్య ఇంకో ప్రశ్న అడగమంటున్నారు, పొద్దున్నే టీ కోసం చిన్న కరెంటు కెటిల్ తెచ్చుకోవచ్చా అని.

బరంపురం ఈటీవో:
వద్దు.

గుణుపురం గుంటడు:
చీర మడతల్లో... 😄