‘హీట్ షాక్’కి వడదెబ్బ సరిపోతుందా?

ప్రశ్న: ఎర్ర రక్తకణంలో దాక్కున్న మలేరియా పరాన్నజీవికి మనిషి జ్వరం తగిలితే ఏమవుతుందో తెలుగులో రాస్తున్నాను. కణానికి వేడి దెబ్బ తగలడాన్ని ఇంగ్లిషులో ‘హీట్ షాక్’ అంటారు; అక్కడ కలం ఆగింది. ఉష్ణాఘాతం అంటే చదివినవాళ్లు వడదెబ్బ అనుకున్నారు. మంచి మాట చెప్పండి.

జవాబు: వడదెబ్బ వద్దండి. వడ బయటి వేడిగాలి. ఈ వేడి ఒంట్లో పుట్టేది, పుట్టించేదీ ఆ పరాన్నజీవే. ఫాల్సిపారం రకం ఎర్రకణంలో 48 గంటల పాటు పెరిగి, ఒకటి పదహారో, ముప్పయ్యో అయి, కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. అలా బోలెడు కణాలు ఒక్కసారే పగిలితే వణుకు, వెంటే 40 డిగ్రీల జ్వరం. చలిజ్వరం దుప్పటి కప్పుకున్న రోగి పెట్టిన పేరు. మీరు రాస్తున్నది కణం లోపలి సంగతి. ఎండ కాసినట్టే జ్వరమూ కాస్తుంది కదా, ‘జ్వరపు కాక’ అనండి.

మరొకరు: కాక బావుంది. కానీ అది అన్నిటికీ ఒకేలా తగలదు. కణంలోకి కొత్తగా దూరి ఉంగరంలా కనిపించే లేత దశ చాలావరకు ఓర్చుకుంటుంది. 41 డిగ్రీలు కొన్ని గంటలు నిలిస్తే ఎక్కువగా చచ్చేవి ముదిరినవే. ముదిరినవి పగిలాకే జ్వరం వస్తుంది కాబట్టి అప్పటికి చాలా కణాల్లో ఉండేవి లేతవే! వెనకబడ్డవి కాకకి పోగా ఒకే ఈడువి మిగులుతాయని శాస్త్రవేత్తల ఊహ. జ్వరం రోజు మార్చి రోజు రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆయుర్వేదంలో తృతీయకజ్వరమన్నది ఇలా మూడోనాడు తిరిగొచ్చే జ్వరాన్నే.

ప్రశ్న అడిగినవారు: మరి ‘హీట్ షాక్ ప్రోటీన్లు’?

జవాబు: నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటుకి వచ్చారు. వేడికి ప్రోటీన్ల మడతలు విడిపోయి, ఒకదానికొకటి అంటుకుని ఉండకడతాయి, ఉడికిన గుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు. హెచ్‌ఎస్‌పీ70 లాంటి హీట్ షాక్ ప్రోటీన్లు వాటిని పట్టుకుని మళ్లీ మడత పెడతాయి. మనిషి కణాల్లో ఈ రక్షణను మేల్కొలిపే, మీటలాంటి ప్రోటీన్ ఒకటుంది. మలేరియా పరాన్నజీవికి అది లేదు. దాని బదులు ఏపీ2-హెచ్‌ఎస్ అనే వేరే మీట ఉందని 2021లో తేలింది. ఇక మాటకొస్తే, పాలు కాచడంలో ‘కాచు’ వేడి చేయడం, చేను కాచడంలో కాపాడటం. ధాతువులు వేరైనా శబ్దం ఒకటే. అందుకే ‘కాపు ప్రోటీన్లు’ అంటాను.

ప్రశ్న అడిగినవారు: కాపు అంటే చెట్టు కాపు అనుకుంటారేమోనండి. ‘కాపుదల ప్రోటీన్లు’ అని రాస్తాను. మొదటి వాక్యం ఇలా మార్చాను, చూడండి: “జ్వరం కాసినప్పుడు పరాన్నజీవిని దాని కాపుదల ప్రోటీన్లు కాస్తాయి.”