శుక్లాల ఆపరేషన్లు స్కూలు గదిలో చేయమంటున్నారు, వెళ్ళనా?

సీనియర్లకు నమస్కారం. కంటి డాక్టరుగా నాకిది మూడో ఏడు. సీతంపేట మన్యంలో రెండు రోజుల శిబిరం, అరవై ఆపరేషన్లు. మూడో రోజు మేం విశాఖ వచ్చేస్తాం. నాలుగో రోజు ఏ అవ్వకైనా కన్ను ఎర్రబడి పోటు పెడితే ఎవరు చూస్తారని అడిగాను. "ఫోన్ నంబరిస్తాం" అన్నారు. అక్కడ సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. మానేద్దామంటే ఆ అరవై మంది చీకటి గుర్తొస్తోంది. నిద్ర పట్టట్లేదు.

విజయనగరం సీనియర్:
వెళ్ళు తమ్ముడూ, కత్తి మాత్రం అక్కడ పట్టకు. ఊళ్ళో పరీక్షలు చెయ్యి, ఆపరేషన్‌కి బస్సులో ఆస్పత్రికి తీసుకురా. కంట్లో చీము పడితే గంటల్లో చూపు పోతుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరాల తర్వాత 13 మంది ఆడవాళ్ళు చనిపోయారు. ఒక శిబిరంలో ఒక్క డాక్టరే కొన్ని గంటల్లో 83 మందికి చేశారు. నాకు అరవై అనే లెక్కే భయం. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు 1996లో పల్లె ప్రాంతమైన ముధోల్‌లో శాశ్వత కేంద్రమే పెట్టారు. సరైన దారి అది.

పాలకొండ నర్సు:
సార్, ఇంకో మాట. సవర తప్ప వేరే భాష రాని ముసలమ్మతో తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించడం నేను చూశాను. ఏ కంటికి చేస్తారో కూడా ఆమెకు తెలీదు. సవర వచ్చిన ఆశా కార్యకర్తతో ముందురోజే ఇంట్లోవాళ్ళందరికీ చెప్పించండి. వద్దనే హక్కుందని కూడా చెప్పించండి.

అడిగినవాడు:
నిర్వాహకులతో మాట్లాడాను. బస్సుకు ఒప్పుకున్నారు, ముందు ఇరవై మందే. నాలుగో రోజు సీతంపేటలో నేనే ఉంటాను.