చూడని జబ్బుకు టీకా అవసరమా?

ప్రశ్న (సందేహి)

మా పాపకు త్వరలో ఏడాది నిండుతుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎమ్మెమ్మార్ టీకాను ఇప్పుడే వేయించాలా, రెండు మూడేళ్లు ఆగాలా అన్న విషయంలో మా దంపతులం ఒక నిర్ణయానికి రాలేకపోతున్నాం. మేము టీకాలకు వ్యతిరేకులం కాము. ఇంతవరకు వేయించవలసినవన్నీ వేయించాం. అయితే ఈ టీకా వల్ల ఆటిజం వస్తుందనీ, మూడు వైరస్‌లను ఒకేసారి పసి ఒంట్లోకి ఎక్కించడం మంచిది కాదనీ విన్నప్పటి నుంచి నా భార్య వెనకాడుతోంది. నా సందేహం వేరు. తట్టు సోకిన పిల్లలను నేను ఇంతవరకు ఒక్కరిని కూడా చూడలేదు. కంటికి కనబడని జబ్బు కోసం ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు సూది వేయించడం అవసరమా? దయచేసి మందలించకుండా, కారణాలతో చెప్పగలరు.

జవాబు (పిల్లల వైద్యుడు)

ముందుగా ఆటిజం సంగతి. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం కేవలం 12 మంది పిల్లలను పరిశీలించి ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పత్రంతో ఈ భయం మొదలైంది. ఆ పత్రాన్ని పత్రిక 2010లో ఉపసంహరించుకుంది, అదే ఏడాది బ్రిటన్‌లో ఆయన పేరును వైద్యుల పట్టిక నుంచి తొలగించారు. 2019లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనం ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, టీకా వేసుకున్నవారిలో ఆటిజం ఎక్కువగా లేదని తేల్చింది. అక్కకో అన్నకో ఆటిజం ఉన్న పిల్లల్లో కూడా తేడా కనబడలేదు. అయినా ఈ అనుమానం చావకపోవడానికి కారణం ఉంది: ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల దృష్టికి వచ్చే వయసూ, ఈ టీకా వేసే వయసూ దాదాపు ఒక్కటే. బిడ్డలో మార్పు కనబడగానే అంతకు ముందు ఏం జరిగిందని వెతుక్కోవడం ఏ తల్లికైనా సహజం.

మూడు వైరస్‌లు అన్నారు. అవి జబ్బు కలిగించే బలం తీసేసిన వైరస్‌లు. పాకుతూ దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకునే బిడ్డ ఒంటికి అంతకంటే ఎక్కువ సూక్ష్మజీవులతో రోజూ పరిచయమవుతూనే ఉంటుంది.

ఇక మీ ప్రశ్న. తట్టు మొదట మామూలు జలుబు, జ్వరంలాగే ఉంటుంది. తరువాత కళ్లు ఎర్రబడి, బిడ్డ వెలుతురు చూడలేక ముఖం తిప్పుకుంటుంది. దద్దురుకు ముందే బుగ్గల లోపలి వైపు ఉప్పు రవ్వల వంటి తెల్లని చుక్కలు కనబడవచ్చు. ఆపైన జుట్టు మొదళ్ల దగ్గర మొదలైన ఎర్రని దద్దురు ముఖం మీదుగా కాళ్ల దాకా దిగుతుంది. రక్షణ లేనివారి మధ్య ఒక రోగి నుంచి 12 నుంచి 18 మందికి సోకగలదు. రోగి వెళ్లిపోయిన గదిలో సైతం వైరస్ రెండు గంటల వరకు గాలిలో ఉండగలదు. అందుకే దీన్ని ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. మీరు ఇంతవరకు చూడకపోవడానికి ప్రధాన కారణం మీ చుట్టుపక్కలవారు తమ పిల్లలకు టీకా వేయించడమే.

జవాబు (పాఠకుడు)

వేయించడం మానితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఊహలు అక్కరలేదు. జపాన్‌లో 1970ల నడుమ కోరింత దగ్గు టీకా తరువాత ఇద్దరు శిశువులు మరణించడంతో జనం భయపడ్డారు. నూటికి 80గా ఉన్న టీకాలు 1976 నాటికి 10కి పడిపోయాయి. 1979లో సుమారు 13,000 మందికి ఆ దగ్గు సోకి, 41 మంది చనిపోయారు. పసిఫిక్ ద్వీప దేశం సమోవాలో 2018లో నర్సులు ఎమ్మెమ్మార్ పొడిని నీటికి బదులు పొరపాటున కండరాలను సడలించే మందుతో కలిపి ఇవ్వగా ఇద్దరు శిశువులు చనిపోయారు. తప్పు టీకాది కాదు, కలిపిన చేతులది. కానీ కార్యక్రమం కొన్ని నెలలు ఆగింది, నమ్మకం అంతకంటే ఎక్కువ కాలం ఆగిపోయింది. 2019 చివర్లో తట్టు విజృంభించి 83 మంది మరణించారు, వారిలో అత్యధికులు అయిదేళ్ల లోపు పిల్లలు. భయపడిన తల్లిదండ్రులను మూర్ఖులనడానికి నాకు నోరు రాదు. వారికి సకాలంలో నిజం చెప్పినవారు లేరు.

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి)

వైద్యులు గారు టీకా మంచిని చెప్పినంత వివరంగా దాని ఇబ్బందులను చెప్పలేదు. ఈ టీకా వేయించిన వారం దాటాక మా బాబుకు జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో అడిగితే, టీకాకూ దీనికీ సంబంధమే లేదని కసిరి పంపారు. ఇలా మాట్లాడితే నమ్మకం ఎలా నిలుస్తుంది?

జవాబు (పిల్లల వైద్యుడు)

మీకు ఆ జవాబు ఇచ్చి ఉండవలసింది కాదమ్మా. సంబంధం ఉండే అవకాశమే ఎక్కువ. సుమారు మూడు నాలుగు వేల డోసులకు ఒకసారి జ్వరంతో కూడిన ఫిట్స్ వస్తాయి, అవీ సాధారణంగా వారం నుంచి రెండు వారాల లోపే. చూసేవారికి భయంకరంగా ఉన్నా, వాటివల్ల శాశ్వత హాని దాదాపుగా ఉండదు. తట్టే సోకితే మాత్రం సుమారు వెయ్యి మందిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది. పైగా ఇతర జబ్బులపై ఒంట్లో అప్పటికే ఉన్న రక్షణను కూడా అది కొంత తుడిచిపెడుతుంది.

మొదట అడిగినవారికి మరొక మాట: ఆగితే ప్రమాదం తగ్గదు. మొదటి డోసును ఏడాది నిండగానే వేసిన పిల్లలకంటే, 16 నెలలు దాటాక వేసిన పిల్లలలో ఈ ఫిట్స్ ఎక్కువని తేలింది.

సందేహి

ఆగడం వల్ల మేలు జరుగుతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాం. ఈ జవాబులు నా భార్యకు చదివి వినిపించాను. ఆమె మరొకటి అడగమన్నది. పాపకు గుడ్డు పడదు, తింటే ఒంటిపై దద్దుర్లు వస్తాయి. అలాంటప్పుడు వేయించవచ్చా?

జవాబు (పిల్లల వైద్యుడు)

వేయించవచ్చు. ఈ టీకాలోని కొన్ని వైరస్‌లను కోడిపిండపు కణాలలో పెంచుతారు కనుక ఆ భయం పుట్టింది. గుడ్డు పడని పిల్లలకు కూడా మామూలుగానే ఇస్తారు. అయినా వేసేవారికి ముందే చెప్పండి. ఇంతకు ముందు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చినా, పాప రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా అది కూడా చెప్పాలి, అప్పుడు నిర్ణయం వేరుగా ఉండవచ్చు. జ్వరం వస్తే వేసిన రోజున కాక వారం తరువాత వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ రోజుల్లో ప్రయాణాలు పెట్టుకోకండి.